ఎనిమిది కేంద్రకముల పాఠము: మహేశ్వరిగారి పిండోత్పత్తి శాస్త్ర గ్రంథముపై విమర్శ

వంకాయను అడ్డముగా కోసినచో తెల్లని కండలో పొదిగినట్లు వందలకొలది గింజలు కనబడును. ఒక్కొక్క గింజయు పూవులో ఒకనాడు అండము అను చిన్న బొడిపెగా ఉండినదే. ఆ బొడిపె గింజగా మారుటకు నడుమ జరిగిన సంగతులేవియు మామూలు కంటికి అందవు. పుప్పొడి రేణువు కీలాగ్రముపై వాలును. దానినుండి సన్నని నాళము మొలచి కీలము గుండ దిగి అండమును చేరును. నాళము తెచ్చిన పురుషబీజము అండములోని స్త్రీబీజముతో కలియును. ఆ కలయికనుండి పిండము, అనగా రేపటి మొక్క, ఏర్పడును. ఈ సంగతులను వరుసగా తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు అండములను మైనపు దిమ్మలలో బిగించి, వెండ్రుక మందములో కొద్ది వంతు మాత్రముండు ముక్కలుగా కోసి, రంగులు వేసి, సూక్ష్మదర్శిని క్రింద ఏండ్ల తరబడి చూడవలసి వచ్చెను.

ఈ శాస్త్రమునకు పిండోత్పత్తి శాస్త్రమని పేరు. మన దేశమున వృక్షశాస్త్రములో ఎం.ఎస్‌సి. చదువు విద్యార్థులకు ఇది చాలకాలముగా ముఖ్యమైన పాఠ్యాంశము. ఆ చదువునకు ఒక రూపము కల్పించిన గ్రంథము పంచానన్ మహేశ్వరిగారి 'ఆవృతబీజముల పిండోత్పత్తి శాస్త్ర ప్రవేశిక'. ఆవృతబీజములనగా గింజలను కాయలో దాచుకొను పూల మొక్కలు. ఇంగ్లీషులో వ్రాయబడిన ఈ గ్రంథమును 1950లో మెక్‌గ్రా-హిల్ అను అమెరికా సంస్థ ప్రకటించెను. అది వెలువడి డెబ్బది యేండ్లు దాటినది. అయినను దానిలోని ఒక పటము నేటికిని పాఠ్యపుస్తకములలో తిరుగుచునే యున్నది. పటము మిగిలినది గాని, ఆ పటమును నిలబెట్టిన విచారణ చాలవరకు మరుగున పడినది. ఈ గ్రంథపు గొప్పదన మేమి, కొరత యేమి, దానిని ఎట్లు చదువవలెను అను ప్రశ్నలు ఉపాధ్యాయులకును, రేపు ఈ చదువునకు పోదలచిన విద్యార్థులకును పనికివచ్చునవే.

గ్రంథకర్త

మహేశ్వరిగారు 1904లో జయపురమున జన్మించిరి. అలహాబాదులో విన్‌ఫీల్డ్ డడ్జన్ అను అమెరికా దేశపు ఆచార్యునికి శిష్యులై, 1931లో డి.ఎస్‌సి. పట్టము పొందిరి. ఆగ్రా, అలహాబాదు, లక్నో, ఢాకా నగరములలో బోధించి, 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు వచ్చి, 1966లో మరణించువరకు అచ్చటనే వృక్షశాస్త్రాచార్యులుగా ఉండిరి. 1965లో లండన్ రాయల్ సొసైటీ వారిని సభ్యునిగా ఎన్నుకొనెను. హైస్కూలు ఉపాధ్యాయులు గుర్తుంచుకొనదగిన సంగతి మరొకటి కలదు. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 1960 దశకములో హయ్యర్ సెకండరీ తరగతులకు జీవశాస్త్ర పాఠ్యపుస్తకమును సిద్ధపరచుటకు ఏర్పరచిన సంఘమునకు వారే అధ్యక్షులు. విశ్వవిద్యాలయములో పైమెట్టున ఉండియు వారు బడిపిల్లల పుస్తకమును చిన్నచూపు చూడలేదు.

ఆ కాలమున మన దేశపు విశ్వవిద్యాలయములు పలుచోట్ల ఈ శాస్త్రమును సాగుచేసెను. పిమ్మట వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున వృక్షశాస్త్రాచార్యులైన జె. వెంకటేశ్వర్లుగారు 1940 దశకములో థైమెలియేసీ కుటుంబపు మొక్కల పిండోత్పత్తిని గూర్చి వ్యాసములు ప్రకటించిరి. ఖరీదైన యంత్రములు లేని రోజులవి. ఒక మంచి సూక్ష్మదర్శిని, ముక్కలు కోయు మైక్రోటోము, కొంత మైనము, రెండు మూడు రంగులు, వీటన్నిటికంటె ముఖ్యముగా ఓపిక ఉన్నచో మన దేశపు మొక్కలనుండియే ప్రపంచమునకు తెలియని సంగతులు చెప్పవచ్చును. ఈ శాస్త్రము ఇక్కడ వ్రేళ్ళూనుటకు అదియొక కారణము.

గ్రంథపు నడక

గ్రంథము చరిత్రతో ప్రారంభమగును. తరువాత పుప్పొడి పుట్టు సంచులు, అండము, అండములో ఏర్పడు పిండకోశము, పరాగనాళము, ఫలదీకరణము, గింజలో పిండమునకు ఆహారమగు అంకురచ్ఛదము, పిండము అను క్రమమున అధ్యాయములు నడచును. పూవులో ఏది ముందు జరుగునో పుస్తకములో అది ముందు వచ్చును. పిమ్మట కలయిక లేకయే గింజ కట్టుట, ఒక గింజలో పలు పిండములుండుట, మొక్కల వర్గీకరణకు ఈ శాస్త్రము చేయు సాయము, ప్రయోగములు మొదలగు విషయములు చర్చింపబడినవి.

చరిత్రాధ్యాయము వట్టి పేర్ల జాబితా కాదు. ఇటలీ దేశీయుడైన అమీచి 1824లో పరాగనాళమును ప్రకటించెను. 1837లో జర్మనీ దేశపు ష్లైడెన్ ఒక చిత్రమైన వాదము లేవదీసెను. ఆ నాళపు కొనయే పిండమగునని, అండము దానికి ఊయల మాత్రమేనని అతని మతము. అనగా తల్లికి బిడ్డలో భాగమే లేదు! ష్లైడెన్ సామాన్యుడు కాడు. మొక్కల శరీరము కణమయమని చాటినవాడు. అయినను 1847లో అమీచి, 1849లో హాఫ్‌మైస్టర్ తమ పరిశీలనలతో ఆ వాదమును త్రోసిపుచ్చిరి. నాళము రాకమునుపే స్త్రీబీజము అండములో ఉన్నదని వారు చూపించిరి. పేరు ఎంత పెద్దదైనను, కంటితో చూచిన దానికి అది లోబడవలసినదే.

లిల్లీ పూవు చెప్పిన సాక్ష్యము

ఈ గ్రంథమునకు ఆయువుపట్టు పిండకోశమును గూర్చిన అధ్యాయము. దానిలోని ఒక ఉదాహరణమును వివరముగా చూచినచో పుస్తకపు విలువ బోధపడును.

సాధారణముగా పూల మొక్కల అండములో ఒక పెద్ద కణము క్షయకరణ విభజన చెంది నాలుగు కణములగును. ఈ విభజనలో క్రోమోసోముల సంఖ్య సగమునకు తగ్గును. నాలుగింటిలో మూడు నశించి, మిగిలిన దానిలోని కేంద్రకము మూడుసార్లు విభజింపబడి ఎనిమిది కేంద్రకములగును. ఈ ఎనిమిదింటితో పిండకోశము ఏర్పడును. ఒకటి స్త్రీబీజమునకు, రెండు దాని ప్రక్కనున్న సహాయకణములకు, మూడు ఎదుటి కొననున్న కణములకు చెందగా, మిగిలిన రెండు మధ్యకు చేరి ధ్రువకేంద్రకములనబడును. పరాగనాళము రెండు పురుషబీజములను తెచ్చును. ఒకటి స్త్రీబీజముతో కలిసి పిండమగును; రెండవది ధ్రువకేంద్రకములతో కలిసి అంకురచ్ఛదమగును. దీనినే ద్విఫలదీకరణమందురు. రష్యా దేశపు నవాషిన్ 1898లో లిల్లీ, ఫ్రిటిలేరియా పూవులలో దీనిని కనుగొనెను.

లిల్లీ అండము పెద్దది, కోయుట సులభము. కనుక ప్రపంచమంతట విద్యార్థులకు పిండకోశమును చూపుటకు లిల్లీనే వాడుచుండిరి. లిల్లీలో నాలుగు కేంద్రకములలో ఏదియు నశింపదు. నాలుగును ఒకే కోశములో ఉండును. తరువాత ఎనిమిది కనబడును. నాలుగు ఒక్కసారి రెట్టించినచో ఎనిమిది కదా! లెక్క సరిపోయినది. పండితులు తృప్తిపడిరి. చాలకాలము ఇదే పాఠముగా చెల్లెను.

కాని నిజము వేరు. ఇటలీ దేశపు వృక్షశాస్త్రజ్ఞురాలు బంబాచియోని ఈ వరుసను మరల జాగ్రత్తగా పరిశీలించి, 1928లో అసలు సంగతి తేల్చెను. నాలుగు కేంద్రకములలో మూడు కోశపు అడుగునకు పోయి ఒకటిగా కలియును. ఆ కలిసిన కేంద్రకములో క్రోమోసోములు మూడు రెట్లుండును. పైకొనన ఒంటరిగా మిగిలిన దానిలో ఒక వంతే ఉండును. ఈ రెండు కేంద్రకములు విభజింపబడి మరల నాలుగగును. ఆ నాలుగు ఎనిమిదియగును. అనగా నాలుగు కేంద్రకముల దశ ఒకటి కాదు, రెండు! పూర్వులు ఆ రెంటిని ఒకటిగా భ్రమించి, నడుమ జరిగిన కలయికను జారవిడిచిరి.

ఎట్లయినను ఎనిమిదే వచ్చినప్పుడు తేడా యేమని విద్యార్థి అడుగవచ్చును. తేడా అంకురచ్ఛదములో తేలును. సాధారణమైన మొక్కలో రెండు ధ్రువకేంద్రకములకు ఒక్కొక్క వంతు, పురుషబీజమునకు ఒక వంతు, కలిపి మూడు వంతుల క్రోమోసోములు. లిల్లీలో ఒక ధ్రువకేంద్రకమునకు మూడు వంతులు, రెండవదానికి ఒకటి, పురుషబీజమునకు ఒకటి, కలిపి ఐదు. మొత్తము సరిపోయినంత మాత్రమున లెక్క సరియైనదని నమ్మరాదు. బడిలో లెక్కల మాష్టరు చెప్పు ఈ మాటయే వృక్షశాస్త్రములోను నిజమైనది.

మహేశ్వరిగారు ఇటువంటి తగవులను తీర్చుటలో దిట్ట. ప్రపంచమున ఎవరెవరో ఏయే మొక్కలనుగూర్చి వ్రాసిన వ్యాసములను ప్రోగుచేసి, ఏది చూచి వ్రాసినది, ఏది ఊహించి వ్రాసినది, ఏ దశ తప్పిపోయినది అని నిగ్గుతేల్చిరి. ఆ విచారణ ఫలితముగా పిండకోశములను పది రకములుగా విభజించి ఒక పటమున చూపిరి. నేటి పాఠ్యపుస్తకములలో తిరుగు పటము అదియే.

వర్గీకరణకు సాయము

ఈ రకములు తెలిసి లాభమేమి అను ప్రశ్నకు గ్రంథమే సమాధానము చెప్పుచున్నది. ఒక ఉదాహరణము చాలును. నీటి మడుగులలో పెరుగు సింఘాడా మొక్కను పూర్వము ఓనగ్రేసీ అను కుటుంబములో చేర్చిరి. ఆ కుటుంబపు మొక్కల పిండకోశమునకు ఒక విశేషము కలదు. వానిలో ఎనిమిది కాక నాలుగే కేంద్రకములుండును. సింఘాడాలో మామూలుగా ఎనిమిది ఉన్నవి. ఇతర లక్షణములతోపాటు ఈ భేదమును కూడ గమనించి, సింఘాడాను వేరుచేయుటయే సమంజసమని పిండశాస్త్రజ్ఞులు చెప్పిరి. పైకి కనబడు రేకులు, ఆకులు చెప్పలేని బంధుత్వమును అండపు లోతట్టు చెప్పవచ్చును.

కొరతలు

గొప్ప గ్రంథమునకును కొరతలుండును. మొదటిది, ఈ గ్రంథము 'ఏమి జరుగును' అను దానిని చెప్పినంత బలముగా 'ఎందుకు జరుగును' అను దానిని చెప్పదు. పరాగనాళము చీకటిలో అంత దూరము దిగి, సరిగా అండపు ద్వారమును ఎట్లు కనుగొనుచున్నది? 1950 నాటి పుస్తకమున దీనికి నిశ్చితమైన సమాధానము దొరకదు. దీనికి కారణము గ్రంథకర్త అశ్రద్ధ కాదు, పద్ధతి. మైనములో బిగించిన అండము చచ్చిన అండము. చచ్చినవానిని వరుసగా పేర్చి బ్రతుకును ఊహించుటయే ఆ పద్ధతి. లిల్లీ విషయమున పండితులు పొరబడుటకును కారణము అదియే కదా!

జపాను దేశీయుడైన హిగాషియామా బృందము టొరీనియా అను తోటపూల మొక్కను ఎన్నుకొనెను. దానిలో పిండకోశపు కొన అండమునుండి బయటకు పొడుచుకొని వచ్చును. కనుక బ్రతికియుండగనే చూడవచ్చును. లేజరు కిరణముతో ఒక్కొక్క కణమును చంపి చూడగా, రెండు సహాయకణములును చచ్చినప్పుడు మాత్రము నాళములు రాలేదు. ఈ ఫలితము 2001లో వెలువడెను. ఆ కణములు విడుదలచేయు ఆకర్షక ప్రోటీనులను 2009లో ప్రకటించిరి. పాత పటములో స్త్రీబీజము ప్రక్కన ఊరక నిలుచున్నట్లు కనబడిన రెండు కణములు నిజమునకు దారిచూపు దీపములు.

రెండవ కొరత, ప్రయోగములకు గ్రంథములో లభించిన స్థానము తక్కువ. అదియును చివరి భాగమున. కాని ఈ విమర్శను అందరికంటె ముందు గ్రహించినవారు గ్రంథకర్తయే. వారు దానికి ప్రయోగశాలలో సమాధానమిచ్చిరి. 1962లో కుసుమ్ కాంత, రంగస్వామి, మహేశ్వరిగారలు నల్లమందు మొక్క అండములను కాయనుండి వేరుచేసి, పోషకద్రవ్యముపై ఉంచి, వానిపైననే పుప్పొడి చల్లిరి. కీలాగ్రము లేదు, కీలము లేదు. అయినను ఫలదీకరణము జరిగి గింజలు ఏర్పడెను. 1964లో అదే విశ్వవిద్యాలయమునుండి షిప్రా గుహ, సతీశ్‌చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశములను పెంచుచుండగా, వానినుండి చిన్న చిన్న పిండములు వెలికివచ్చెను. అవి పుప్పొడి రేణువులనుండియే పుట్టినవని, సగము క్రోమోసోములే కలవని 1966లో ధ్రువపడెను. అట్టి మొక్కలో క్రోమోసోములను రెట్టించినచో ఒక్కసారిగా శుద్ధమైన వంగడము లభించును. మామూలు పద్ధతిలో దీనికి పలు తరములు పట్టును. తరువాత వరి మొదలగు పంటలలో కొత్త వంగడములను తయారుచేయువారు ఈ పద్ధతిని చేపట్టిరి.

మూడవది గ్రంథపు కొరత కాదు, దానిని వాడిన తీరులోని కొరత. పది రకముల పటము పరీక్షకు అనువైనది. గీయవచ్చును, పేర్లు వ్రాయవచ్చును, మార్కులు వేయవచ్చును. కనుక పటము నిలిచినది. దాని వెనుకనున్న సందేహములు, తగవులు, తీర్పులు జారిపోయినవి. 'ఫ్రిటిలేరియా రకము' అని వల్లించు విద్యార్థికి ఆ పేరు వెనుక ఒక పెద్ద పొరపాటు, ఆ పొరపాటును దిద్దిన ఒక స్త్రీ ఓపిక ఉన్నవని తెలియదు. సందేహించుట నేర్పుటకు వ్రాసిన పుస్తకము కంఠస్థము చేయుటకు వనరైనది.

వర్ణన వ్యర్థమా?

అయినచో పాత వర్ణనలన్నియు వ్యర్థములా? అని కొందరు అడుగుచుందురు. నేడు జన్యువుల కాలము కనుక రకముల పేర్లతో పనియేమని వారి వాదము. ఈ వాదము నిలువదని చెప్పుటకు హైదరాబాదు పరిశోధనయే సాక్ష్యము.

గ్రంథములో కలయిక లేకయే గింజ కట్టుటను గూర్చి ఒక అధ్యాయము కలదు. కొన్ని మొక్కలలో క్షయకరణ విభజన జరుగకయే పిండకోశము ఏర్పడి, కలయిక లేకయే పిండము పుట్టును. ఆ గింజనుండి వచ్చు మొక్క అచ్చముగా తల్లివలె ఉండును. 1950లో ఇది వింతగా తోచు విషయము. నేడు రైతు బ్రతుకుతో ముడివడిన విషయము. సంకర విత్తనమునుండి పండిన గింజను దాచి మరల నాటినచో పైరు ఒక తీరున రాదు. అందుచే రైతు ఏటేట విత్తనము కొనవలసివచ్చుచున్నది. సంకర మొక్కయే కలయిక లేకుండ గింజ కట్టినచో ఈ బాధ తీరును కదా!

హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధకులు రవి, మారిముత్తు, ఇమ్రాన్ సిద్దిఖీ అరబిడాప్సిస్ అను చిన్న మొక్కలో ఒకే జన్యువు మారినచో క్రోమోసోములు తగ్గకయే స్త్రీబీజములు ఏర్పడగలవని 2008లో చూపించిరి. 2011లో వారును, విదేశ పరిశోధకులును కలిసి, తల్లిదండ్రులలో ఒకరికి అచ్చముగా నకలైన మొక్కలను గింజద్వారా పొందిరి. 2019లో అమెరికాలో ఖాందే, సుందరేశన్ బృందము వరిలోనే అట్టి గింజలను సాధించెను. ఈ ఫలితములను చదువుటకు కావలసిన భాష ఏది? ఏ దశలో విభజన తప్పినది, పిండము ఏ కణమునుండి పుట్టినది, అంకురచ్ఛదమునకు ఎన్ని వంతులు అను ప్రశ్నలే. ఆ ప్రశ్నలను క్రమముగా అడుగుట నేర్పినది మహేశ్వరిగారి తరము. జన్యువు ఎందుకో చెప్పును. కాని ఏమి జరిగినదో ముందు తెలియనిదే ఎందుకని అడుగుటకే వీలులేదు.

ఎట్లు చదువవలెను?

కనుక ఈ గ్రంథమును నేటి పరిశోధన స్థితిని తెలుపు పుస్తకముగా చదువరాదు. దానికి తరువాత వచ్చిన పుస్తకములు కలవు. భోజ్వానీ, భట్నాగర్‌ల పాఠ్యగ్రంథము 1974లో వెలువడెను. మహేశ్వరిగారి గ్రంథమును తీర్పుల పుస్తకముగా చదువవలెను. పటమును గీయుటకు ముందు విద్యార్థి ఒక్కొక్క రకమునకు సాక్ష్యమేమో వ్రాయవలెను. ఏ దశ చూడబడినది, ఏది ఊహింపబడినది అని గుర్తుపెట్టవలెను. పరీక్షలో 'పది రకములను పటములతో వర్ణింపుము' అను ప్రశ్నకు బదులు 'లిల్లీ విషయమున పూర్వులు ఎందుకు పొరబడిరి?' అని అడిగినచో చదువు తీరే మారిపోవును.

హైస్కూలు తరగతిలోను దీనికి నాంది పలుకవచ్చును. నూరు మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల పంచదార, కొద్దిగా బోరిక్ ఆసిడ్ కలిపి, ఒక చుక్కను గాజుపలకపై ఉంచి, అప్పుడే విచ్చిన బిళ్ళగన్నేరు పూవు పుప్పొడిని అందులో దులిపి సూక్ష్మదర్శినితో చూడవలెను. గంటలోపలనే చాల రేణువులకు నాళములు మొలచును. అమీచి చూచినదానివంటి దృశ్యమే అది. నారింజ గింజ పైతోలు తీసి చూచినచో ఒకదానిలోనే రెండు మూడు పిండములు కనబడుటయు కలదు. లేత కొబ్బరికాయలోని నీరు అంకురచ్ఛదమే. దానిలో కేంద్రకములు కణపుగోడలు లేకుండ తేలుచుండును. ఆ నీటి సాయముననే ఉమ్మెత్త మొక్క లేత పిండములను గాజుపాత్రలో పెంచగలిగిరని 1941లో వాన్ ఓవర్‌బీక్, ఆయన సహచరులు ప్రకటించిరి.

ఇవి చూపిన పిదప ఉపాధ్యాయుడు వెంటనే పేర్లు చెప్పనక్కరలేదు. 'ఏమి కనబడినది? నీవు చూచినదెంత, అనుకొన్నదెంత?' అని అడిగిన చాలును. ఆ రెంటిని వేరుచేయుట పదునాలుగేండ్లకే అలవడిన విద్యార్థి, రేపు ఎం.ఎస్‌సి. తరగతిలో ఎనిమిది కేంద్రకములు కనబడగానే తృప్తిపడడు. అవి ఏ దారిని ఎనిమిదియైనవో విచారించును.